బస్తీ బడిలో తరగతి చూడటానికి వెళ్తున్నారా? ఎలా చూడాలంటే

మీరు డీఎడ్ విద్యార్థి కావచ్చు. స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరిన వలంటీరు కావచ్చు. ఆఫీసు తరఫున ఏదైనా బడికి సాయం చేద్దామని బయల్దేరిన ఉద్యోగి కావచ్చు, సెలవులకు ఇంటికొచ్చి చిన్నప్పటి బస్తీ బడి ఎలా ఉందో చూసొద్దామనుకున్న ఎన్నారై కూడా కావచ్చు. హైదరాబాద్‌లో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలకు వెళ్లి ఒక పూట తరగతి గదిలో కూర్చోబోతున్నారు. ఎలా చూడాలో తెలియకుండా వెళ్లినవాళ్లందరూ దాదాపు ఒకటే జాబితా రాసుకొస్తారు: బెంచీలు చాలవు, గోడ పెచ్చులూడింది, బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, టీచర్లు తక్కువ. అవన్నీ నిజమే. కానీ వాటి కోసం తరగతిలో కూర్చోనక్కర్లేదు, ఆవరణలో ఒక చుట్టు తిరిగినా తెలిసిపోతాయి. లోపల కూర్చునే అవకాశం దొరికినవాళ్లు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఉన్న ఆ గదిలో, ఉన్న ఆ ఒక్క టీచర్‌తో, ఈ గంటసేపు పాఠం ఎలా నడిచింది? అది ఏ పిల్లవాడికి అందింది, ఎవరి దాకా రాలేదు?

ఈ పని శ్రద్ధగా చేయాలని ఎందుకంటున్నానంటే, నగరంలోని పేద పిల్లల చదువు గురించి మన దగ్గర ఉన్న సమాచారం తక్కువ. పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారో ఇంటింటికీ వెళ్లి చూసే 'అసర్' సర్వే 2005 నుంచి జరుగుతోంది. దాని గురించి పేపర్లో వచ్చిన ప్రతిసారీ అందరం మాట్లాడుకుంటాం. కానీ అది గ్రామీణ ప్రాంతాల సర్వే. బోరబండలోనో బార్కస్‌లోనో చదివే పిల్లలు అందులో లేరు. అందుకే ఒక బస్తీ బడిలో ఒక పూట కూర్చుని సరిగ్గా రాసుకున్న నాలుగు పేజీలకు కూడా విలువ ఉంది.

వెళ్లేముందు

ప్రభుత్వ బడిలో బయటివాళ్లు కూర్చోవాలంటే అనుమతి కాగితం చేతిలో ఉండాలి. జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో అర్జీ పెట్టుకోండి. హైదరాబాద్‌లో బడులను పర్యవేక్షించే అధికారి అయిన డిప్యూటీ ఐఓఎస్‌కు కూడా ఒక మాట చెప్పడం మంచిది. ఎందుకు వెళ్తున్నారు, ఎన్ని గంటలు ఉంటారు, ఏం రాసుకుంటారు, ఆ రాసుకున్నది ఏం చేస్తారు అనేవి అర్జీలోనే ఉండాలి.

హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) సరేనన్నారని నేరుగా తరగతిలోకి వెళ్లిపోకండి. ఏ గదిలో కూర్చోబోతున్నారో ఆ టీచర్‌తో విడిగా మాట్లాడాలి. తనిఖీలు, ఫొటోలు, యాప్‌లో అప్‌లోడ్‌లు వాళ్లకు రోజూ ఉండేవే. ఇంకొకరు నోట్‌బుక్ పట్టుకుని వెనక కూర్చుంటే ఎవరికైనా టెన్షనే. "మేడమ్, మీ పాఠానికి మార్కులు వేయడానికి రావడం లేదు. పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూసి నేర్చుకుందామని. నేను రాసుకున్నది ముందు మీకే చూపిస్తాను" అని చెప్పండి. చెప్పాక అలాగే చేయాలి. ఈ ఒక్క మాట నిలబెట్టుకోని విజిటర్ల వల్లే చాలామంది టీచర్లు తర్వాతివాళ్లకు తలుపు తీయడం మానేస్తారు.

రోజు ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. జూన్‌లో అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ హడావుడి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పంద్రాగస్టుకు ముందు రోజుల్లో డాన్స్ ప్రాక్టీసులు, పరీక్షల వారంలో పాఠాలు ఉండవు. పండగ సెలవులయ్యాక మొదటి రోజు సగం మంది పిల్లలు ఊళ్ల నుంచి తిరిగి రారు. ఆగస్టు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, ఏ హడావుడీ లేని మామూలు వారం మధ్యలో వెళ్తే రోజువారీ బడి కనిపిస్తుంది.

ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని ఇంకొకటి. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ (బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' అనే చోట ఆ బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు, గదులెన్ని, నీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయా అనేవి దొరుకుతాయి. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ ప్రశ్నలు మళ్లీ హెచ్‌ఎంను అడిగి వాళ్ల సమయం తినకుండా ఉంటారు. కాగితం మీద ఉన్నదానికీ, ఎదురుగా ఉన్నదానికీ తేడా ఉందేమో కూడా చూడొచ్చు. రెండు మరుగుదొడ్లు అని ఉంటుంది, ఒకదానికి నీళ్లు రావు. ఆ తేడా నోట్ చేసుకోండి.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

లోపలికి వెళ్లాక మొదట ఆశ్చర్యపరిచేది ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం. 'ఇదేంటి, ఇంత అన్యాయమా' అనిపిస్తుంది. చట్టం ఏం చెబుతోందో ముందే తెలిసి ఉంటే, చూడాల్సిన చోటికి చూపు పోతుంది.

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 అయితే ముగ్గురు, 91 నుంచి 120 అయితే నలుగురు. అంటే 55 మంది ఉన్న బస్తీ బడికి ఇద్దరు టీచర్లను ఇస్తే చట్టం లెక్క సరిపోయినట్టే. తరగతులు మాత్రం ఐదు. మూడు తరగతులు ఒకరు, రెండు తరగతులు ఇంకొకరు పంచుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగ్‌కు వెళ్లినా, బీఎల్‌వో (ఓటర్ల జాబితా పని) డ్యూటీ పడినా మిగిలిన ఒక్కరే ఐదు తరగతులు చూడాలి. జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అయినా 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులసర్వే కోసం ఎస్జీటీలను (ప్రాథమిక తరగతుల టీచర్లను) పంపాల్సొచ్చి, ప్రాథమిక బడులను ఒక పూటే నడిపారు.

కాబట్టి హెచ్‌ఎంను అడగాల్సింది 'టీచర్లు ఎందుకు తక్కువ' అని కాదు. "ఈ రోజు బడిలో పాఠం చెప్పడానికి ఎంతమంది ఉన్నారు? ఈ నెలలో అందరూ ఉన్న రోజులు ఎన్ని?" అని అడగండి. రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యకూ, ఈ పూట బోర్డు ముందు నిలబడ్డ సంఖ్యకూ మధ్యలోనే పిల్లల చదువు ఎటుపోతోందో తెలుస్తుంది.

లోపల ఎక్కడ కూర్చోవాలి

ప్రేయర్‌కు పావుగంట ముందే చేరుకోండి. తమ్ముడినో చెల్లినో చంకనెత్తుకుని దింపడానికి వచ్చే ఐదో తరగతి పిల్లలు, పనికి పోతూ గేటు దగ్గరే వదిలేసి వెళ్లే తల్లులు, పలక సంచి తప్ప ఏమీ లేకుండా ఒంటరిగా నడిచొచ్చే ఒకటో తరగతి పిల్లవాడు, అందరూ అప్పుడే కనిపిస్తారు. ప్రేయర్ మొదలయ్యాక వెళ్తే ఇవేమీ తెలియవు.

పిల్లలు చెప్పులు బయట విడిస్తే మీరూ విడవండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో పెట్టేయండి. ల్యాప్‌టాప్ వద్దు. ఒక మామూలు నోట్‌బుక్, రెండు పెన్నులు, చేతికి వాచీ, మీ నీళ్ల సీసా చాలు. ఒక్క వాక్యంలో పరిచయం చేయమని టీచర్‌ను అడగండి. "ఈ అక్క ఇవాళ మనతో కూర్చుంటుంది, మనలాగే పాఠం వింటుంది" అంటే సరిపోతుంది. 'పెద్దవాళ్లొచ్చారు, మంచిగా ఉండండి' అంటే ఆ పూటంతా పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటారు, అది మీకు ఉపయోగపడదు.

కుర్చీ తెచ్చి టీచర్ పక్కన వేస్తారు. మర్యాదగా వద్దనండి. వెనక మూలన, కింద పిల్లలు కూర్చుంటే కిందే కూర్చోండి. కూర్చున్న వెంటనే బోర్డు మీద ఉన్నది మీరు చదవగలుగుతున్నారా చూసుకోండి. చాలా గదుల్లో కిటికీ వెలుతురు నల్లబోర్డు మీద ఒక పక్క పడి, ఆ పక్క రాసింది వెనక వరుసకు తెల్లటి మెరుపులా కనిపిస్తుంది. పక్క గదికి అడ్డంగా బీరువాలు మాత్రమే ఉంటే అక్కడి ఎక్కాలు ఇక్కడికి వినిపిస్తాయి. నగరంలో ఒకే ఆవరణలో తెలుగు మీడియం బడి, ఉర్దూ మీడియం బడి పక్కపక్కనే నడవడం కూడా మామూలే. ఒకరికి ఇంటర్‌వెల్ అయితే ఇంకొకరికి పాఠం. వెనక కూర్చున్న పిల్లవాడు వినడం లేదని మీకు అనిపిస్తే, అతను కూర్చున్న చోటు నుంచి టీచర్ మాట వినపడుతోందా అన్నది ముందు తేల్చుకోండి.

ఐదు నిమిషాలకొకసారి

తరగతిలో జరిగేదంతా రాయాలని చూస్తే ఏదీ రాయలేరు. దీనికి విద్యా పరిశోధకులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. నిర్ణీత సమయానికి ఒకసారి తల ఎత్తి, ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు రాయడం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఐదు నిమిషాలు సరిగ్గా సరిపోతుంది. ప్రతిసారీ రెండే విషయాలు రాయండి: టీచర్ ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు. ఇలా వస్తుంది:

10.20. టీచర్: బోర్డు మీద 3వ తరగతికి తీసివేత. 3వ తరగతి: తొమ్మిది మందిలో ఆరుగురు బోర్డు చూస్తున్నారు. 1, 2 తరగతులు: పలకల మీద క గుణింతం.

10.25. టీచర్: 1వ తరగతి బాబు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని 'కీ' రాయిస్తున్నారు. 3వ తరగతి: ముగ్గురు లెక్క అయిపోయి కిటికీలోంచి చూస్తున్నారు, ఒక పాప పక్క పాపకు చూపిస్తోంది.

10.30. టీచర్: గుమ్మం దగ్గర. ఐదో తరగతి పిల్ల వచ్చి భోజనం లెక్క అడిగింది. 3వ తరగతి: ఎవరూ రాయడం లేదు. 2వ తరగతి: ఒక బాబు పలక తుడిచి మళ్లీ రాస్తున్నాడు.

ఇందులో మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు. 'టీచర్‌కు ఆసక్తి లేదు', 'పిల్లలు చురుగ్గా ఉన్నారు' లాంటి మాటలు నోట్‌బుక్‌లో ఎక్కడా రాకూడదు. మీకు అనిపించింది రాయాలనిపిస్తే పేజీని నిలువుగా మడిచి, కుడి పక్కన విడిగా రాసుకోండి. ఎడమ పక్క కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే. మూడు నాలుగు పీరియడ్లు ఇలా రాశాక పేజీలు తిరగేస్తే, చూస్తున్నప్పుడు మీకు తట్టనివి బయటపడతాయి. ఒక తరగతి మొత్తం పదిహేను నిమిషాలు పని లేకుండా ఉండిపోవడం, టీచర్ ఒక్క నిమిషం కూడా కూర్చోకపోవడం, రెండూ అదే పేజీలో కనిపించవచ్చు.

దీనితోపాటు వరుసల బొమ్మ ఒకటి గీసుకోండి. ప్రతి పిల్లవాడికి ఒక చిన్న గడి. టీచర్ ఎవరినైనా పేరు పెట్టి అడిగినప్పుడు, ఎవరి పలకైనా చూసినప్పుడు ఆ గడిలో ఒక గీత. గంటయ్యాక చూడండి. మొదటి వరుసలోనూ మధ్యలోనూ గీతలు గుంపుగా ఉండి, గోడవైపు గడులు ఖాళీగా ఉండటం చాలా తరగతుల్లో కనిపిస్తుంది. ప్రైవేటు బడుల్లోనూ అంతే. ఇది టీచర్‌కు చూపించదగ్గ మంచి కాగితం, ఎందుకంటే పాఠం చెబుతున్నవాళ్లకు ఇది ఎప్పుడూ కనిపించదు.

ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారో మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో చూపించిన విషయం ఇది: మామూలుగా టీచర్లు ఒక్క సెకను ఆగుతారు. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లలు పెద్ద జవాబులు చెబుతారు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ చెయ్యెత్తుతారు. బెంచీ కొనడానికి డబ్బు కావాలి. మూడు సెకన్లు ఆగడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

ఒక్క పాపను చూడండి

ఒక పీరియడ్ మొత్తం ఒకే పిల్లవాడినో పాపనో చూడటానికి కేటాయించండి. గలగలా జవాబులు చెప్పేవాళ్లను ఎంచుకోకండి. మధ్య వరుసలో, గొడవ చేయకుండా, ఎవరి కంటా పడకుండా కూర్చునే పాపను ఎంచుకోండి. తననే చూస్తున్నారని తెలియనివ్వకండి.

బోర్డు మీది పాఠం నోట్‌బుక్‌లో ఎక్కించుకునేటప్పుడు ఆమె ఎన్నిసార్లు తల ఎత్తుతోందో గమనించండి. చదవడం వచ్చిన పిల్ల ఒకసారి చూసి రెండు మూడు మాటలు రాసేస్తుంది. చదవడం రాని పిల్ల అక్షరానికొకసారి తల ఎత్తుతుంది. 'చెట్టు' రాయాలంటే చె చూసి రాసి, మళ్లీ చూసి ట రాసి, మళ్లీ చూసి కింద ఒత్తు గీసి, మళ్లీ చూసి కొమ్ము తగిలిస్తుంది. పీరియడ్ అయ్యేసరికి ఆమె నోట్‌బుక్ గుండ్రటి అక్షరాలతో, తప్పులేకుండా, అందరికంటే అందంగా ఉండొచ్చు. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు 'వెరీ గుడ్' రాసి వెళ్తారు. ఆ పాపకు అందులో ఒక్క మాట చదవడం రాదు. ఇది నోట్‌బుక్ చూస్తే తెలియదు, మెడ చూస్తేనే తెలుస్తుంది. తరగతిలో కూర్చున్న మనిషి తప్ప ఎవరూ దీన్ని పట్టుకోలేరు.

అందరూ కలిసి చదివేటప్పుడు కూడా అంతే. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని గది మార్మోగుతుంది. ఆ పాప పెదవులు చూడండి. అందరితో కలిసి కదులుతున్నాయా, అర క్షణం వెనకగా పక్కవాళ్ల మాట అందుకుంటున్నాయా? చూపుడు వేలు పుస్తకంలో సరైన మాట కిందే ఉందా?

లెక్కల పీరియడ్‌లో తప్పు జవాబులను వదలకండి. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు మూడో తరగతిలో తప్పకుండా ఉంటారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసి 5, 5 లోంచి 2 తీసి 3. ఆ పిల్ల ఊరికే ఏదో రాయలేదు. 'పెద్ద దాంట్లోంచి చిన్నది తీయాలి' అని తనకు తెలిసిన ఒక నియమాన్ని ప్రతి నిలువు వరుసలోనూ పెట్టింది. టీచర్ అనుమతి ఉంటే, ఖాళీ దొరికినప్పుడు పక్కన కూర్చుని "ఇది ఎలా చేశావో నాకు చెప్తావా?" అని అడగండి. 'తప్పు' అనకండి. ఆమె చెప్పింది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే రాసుకుని టీచర్‌కు ఇవ్వండి. ముప్పై మంది పలకలు చూడాల్సిన టీచర్‌కు ఒక్కొక్కరి ఆలోచన వినే తీరిక ఉండదు. మీకు ఆ పూట ఉంది. బడికి ఒక విజిటర్ ఇవ్వగల సాయం ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

ఏ భాషలో అడుగుతున్నారు, ఏ భాషలో అర్థమవుతోంది

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. ఇంట్లో మాత్రం ఒక పాప లంబాడీ మాట్లాడుతుంది, ఇంకో బాబు ఉర్దూ, బిల్డింగు పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒడియా, మరాఠీ, హిందీ. బడిలో తెలుగు ఒక్కటే ఇంటి భాషగా ఉన్న పిల్లలు తరగతిలో సగం మందే ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాబట్టి టీచర్ ఏ క్షణంలో భాష మారుస్తున్నారో రాసుకోండి. ఇంగ్లీష్‌లో వాక్యం చదివి, తెలుగులో చెప్పి, చివరి వరుస బాబు వైపు తిరిగి "సమఝ్ మే ఆయా క్యా బేటా?" అని అడిగితే, అది మీడియం నియమం తప్పడం కాదు, టీచర్ నైపుణ్యం. అలాగే ఆ బాబు ఒక్క పూటలో ఎన్ని మాటలు మాట్లాడాడో చూడండి. ఇంటర్‌వెల్‌లో గోళీలాడుతూ అరిచి గొడవపడే అదే బాబు తరగతిలో 'ఎస్ టీచర్' తప్ప ఇంకేమీ అనకపోతే, ఆ రెండూ పక్కపక్కన రాయండి. అతనికి మాట రాదనుకునే ప్రమాదం తప్పుతుంది.

ఇంటర్‌వెల్, భోజనం

బెల్లు కొట్టగానే స్టాఫ్ రూమ్‌కు టీకి వెళ్లిపోకండి, ఆవరణలో నిలబడండి. కుళాయి దగ్గర ఎంత లైను, బాత్రూమ్‌లో బకెట్, మగ్గు, నీళ్లు ఉన్నాయా చూడండి. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలను ప్రత్యేకంగా గమనించండి. గడియ లేని తలుపును ఒక పాప బయట పట్టుకుంటే ఇంకో పాప లోపలికి వెళ్తుంది. కొందరు పొద్దున్నుంచి నీళ్లే తాగరు, బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని. మధ్యాహ్నం పాఠంలో తలనొప్పి అని బల్లమీద తల వాల్చిన పాపకు కారణం అక్కడ ఉండొచ్చు. బాత్రూమ్ ఎవరు కడుగుతున్నారు, వాళ్లకు డబ్బు ఎక్కడినుంచి ఇస్తున్నారు అన్నది హెచ్‌ఎంను అడగదగ్గ ప్రశ్న. చాలాసార్లు జవాబు టీచర్ల సొంత జేబు దగ్గర ఆగుతుంది.

మధ్యాహ్న భోజనానికి, 2021 నుంచి పీఎం పోషణ్ అని పిలుస్తున్న పథకానికి, ప్రాథమిక తరగతుల లెక్క ఒక్కో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ రావాలి. నగరంలో చాలా బడులకు వంట పెద్ద వంటశాలల నుంచి వ్యాన్లో వస్తుంది. వ్యాన్ వచ్చిన టైం రాసుకోండి, ఆ తర్వాత ఎంతసేపు పాఠం ఆగిందో కూడా. ఎవరు రెండోసారి పెట్టించుకుంటున్నారు, ఎవరు టిఫిన్ బాక్స్‌లో దాచి ఇంట్లో చిన్నవాళ్లకు తీసుకెళ్తున్నారు అనేవి చూసి ఊరుకోండి. పిల్లలను అడగకండి. 'తినండి సార్' అని ప్రేమగా అంటారు. ఆ అన్నం పొద్దున చెప్పిన పిల్లల లెక్కకు వచ్చింది. మీ బాక్స్ మీరు తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చుని తినండి.

చేయకూడనివి

పిల్లల ఫొటోలు తీయకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ చెబుతోంది. చట్టం లేకపోయినా, ముక్కు కారుతున్న పిల్లవాడి ఫొటో మీ ఆఫీసు గ్రూపులో తిరగడం ఆ తల్లికి నచ్చుతుందా ఆలోచించండి. నోట్స్‌లో పిల్లల పేర్లు వద్దు, 'కిటికీ పక్క పాప' చాలు.

అందరి ముందూ 'మీ నాన్న ఏం చేస్తాడు?' అని అడగకండి. నాన్న లేని పిల్లలు, ఆ రాత్రే తాగొచ్చి కొట్టిన నాన్నలున్న పిల్లలు ఆ గదిలో ఉంటారు. చాక్లెట్లు పంచాలంటే ముందు టీచర్‌ను అడగండి. పాఠం ఆపించి స్ఫూర్తి ప్రసంగం చేయకండి. టీచర్ బోర్డు మీద తప్పు రాస్తే అక్కడికక్కడ దిద్దకండి.

బెత్తం కనిపిస్తే, లేదా పిల్లవాడిని కొడితే? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం శారీరక శిక్ష, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. తరగతి మధ్యలో గొడవకు దిగకండి. లేచి ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి కూర్చోవడం చాలాసార్లు అక్కడికి ఆపుతుంది. పీరియడ్ అవగానే టీచర్‌తో, తర్వాత హెచ్‌ఎంతో మాట్లాడండి. దెబ్బ తగిలినా, మళ్లీ జరుగుతుందనిపించినా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. లైంగిక వేధింపు అనే అనుమానం వస్తే మాత్రం ఎవరితోనూ చర్చించి తేల్చుకునే పని కాదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి.

బయటికి వచ్చాక

టీచర్‌తో పది నిమిషాలు అడిగి తీసుకోండి. అడిగే ప్రశ్న మీరు చూసిన పని నుంచే రావాలి. 'గ్రూప్ వర్క్ ఎందుకు చేయించలేదు?' అంటే సంజాయిషీ వస్తుంది. "ఆ బాబును మధ్యలో ముందు వరుసకు మార్చారు కదా మేడమ్, ఎందుకు?" అంటే ఆ బాబు గురించి మీరు పూటంతా చూసినా తెలియని సంగతి తెలుస్తుంది. వాడికి దూరపు చూపు ఆనకపోవచ్చు. పక్కవాడితో కొట్లాట కావచ్చు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి నిద్రపోతున్నాడని కావచ్చు. తర్వాత వరుసల బొమ్మ, ఐదు నిమిషాల కాగితం చూపించండి. సలహా అడిగితే ఒక్కటే ఇవ్వండి, రేపు పొద్దునే చేయగలిగేది.

అదే రోజు సాయంత్రం నోట్స్ శుభ్రంగా రాయండి. మర్నాటికి కుడి పక్క రాసినవి ఎడమ పక్క చూసినవాటిలో కలిసిపోతాయి. ఎవరికి నివేదిక ఇస్తున్నా బడి పేరు, టీచర్ పేరు అవసరమైతేనే పెట్టండి, అదీ వాళ్లకు చెప్పి.

ఏదైనా సాయం చేయాలనుకుంటే, ముఖ్యంగా విదేశాల నుంచి డబ్బు పంపాలనుకునేవాళ్లు, ముందు హెచ్‌ఎంతో కూర్చోండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది, చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. సర్కారు బడుల మరమ్మతుల కోసం పెట్టిన 'మన బస్తీ-మన బడి', అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల కింద ఏ పనులు మంజూరయ్యాయో తెలుసుకుంటే ఒకే గోడకు రెండుసార్లు రంగు వేయరు. వాళ్లు అడిగేవి మామూలుగా చిన్నవే ఉంటాయి: బాత్రూమ్ గడియ, కుళాయి వాషర్, వెనక వరుసకు ఒక ట్యూబ్‌లైట్, పిల్లలు ఇంటికి తీసుకెళ్లే కథల పుస్తకాలు. మీరు ఇస్తామన్నది ఏమిటో, ఎప్పటికల్లా ఇస్తారో కాగితం మీద రాసి ఇవ్వండి.

వీలైతే నెల తర్వాత మళ్లీ వెళ్లండి. అదే తరగతి, అదే పీరియడ్, అదే మూల, అదే ఐదు నిమిషాల కాగితం. రెండు కాగితాలు పక్కన పెడితేనే ఏదైనా మారిందా లేదా తెలుస్తుంది. మళ్లీ వెళ్లే ఉద్దేశం లేకపోతే గేటు దగ్గర 'మళ్లెప్పుడొస్తరక్కా?' అని అడిగిన పిల్లలకు 'వస్తా' అనకండి. ఇవాళ ఒక్కరోజే వచ్చానని చెప్పండి. వస్తానని చెబితే తేదీ హెచ్‌ఎంకు చెప్పి, రాలేని పరిస్థితి వస్తే ముందు రోజే ఫోన్ చేయండి.